తర్వాత ఏ దేశం?

ఈ మధ్య మన ప్రవాసుల రాతల్లో ఒక రకం వ్యాసం బాగా నడుస్తోంది. దాని వరస నాకు కంఠతా వచ్చేసింది. మొదటి పేరాలో మంచు. రెండో పేరాలో ఒంటరితనం. మూడో పేరాలో గ్రీన్ కార్డు క్యూ. నాలుగో పేరాలో అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు. ఆఖరున ఒక ప్రశ్న: ఇక్కడ మనసు విరిగింది, ఇప్పుడెక్కడికి? కెనడానా, జర్మనీనా, పోర్చుగలా, లేకపోతే కోకాపేటలో ఫ్లాటా?

డాలస్ దగ్గర తొమ్మిదేళ్ళుగా కోడ్ రాసుకుని బతుకుతున్నాను. ఇలాంటి వ్యాసం నేనూ ఒకటి మొదలుపెట్టాను. పోయిన డిసెంబర్‌లో సెలవుకి మెట్‌పల్లి వెళ్ళినప్పుడు దాన్ని పూర్తి చేద్దామనుకున్నాను. చేయలేకపోయాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొందరు మిత్రులకు కోపం వస్తుంది. రానీ.

ఊళ్ళో నాతో ఏడో తరగతి దాకా చదివిన దోస్తు ఒకడు ఇంటికొచ్చాడు. సౌదీలో ఆరేళ్ళు, ఖతర్‌లో నాలుగేళ్ళు చేసినవాడు.

"మల్లెప్పుడు పోతవ్ రా?" అన్నాడు.

"పోబుద్ధి అయితలేదు రా. కెనడా చూస్తున్న. నువ్వు?"

"ఏజెంటు ఇరాక్ అంటుండు. ఎర్బిల్‌ల హోటల్ పని. చూడాలె."

ఇద్దరం ఒకే ప్రశ్న ముందు కూచున్నాం. తర్వాత ఏ దేశం? నేను ఫోన్ తీసి నా ఎక్సెల్ షీట్ చూపించాను. పన్నులు, బడులు, చలి, పౌరసత్వానికి ఎన్నేళ్ళు పడుతుంది, మొత్తం పదకొండు గళ్ళు. వాడు ఓపికగా చూసి, "నేను రెండే చూస్త రా. జీతం నెల నెలా వస్తదా, పాస్‌పోర్ట్ నా చేతుల ఉంటదా" అన్నాడు.

ఆ రాత్రే నా వ్యాసం ఆగిపోయింది.

నా మొదటి తగాదా 'ప్రవాసం' అనే మాట గురించి. దాన్ని మనం కబ్జా చేశాం. తెలుగులో ప్రవాస సాహిత్యం అనగానే అమెరికా గుర్తొస్తుంది. 1977లో మొదలైన తానా ఉంది, వంగూరి ఫౌండేషన్ తెచ్చిన అమెరికా తెలుగు కథానిక సంకలనాలున్నాయి. వాటి కృషిని తక్కువ చేయను. నేను చదువుకున్నదే వాటిలో. కానీ సిరిసిల్ల ప్రాంతం నుంచి పెద్దింటి అశోక్ కుమార్ గల్ఫ్ వలస మీద 'ఎడారి మంటలు' నవల రాస్తే, దాన్ని మనం ఏ అరలో పెట్టాం? తెలంగాణ సాహిత్యం అన్నాం, వలస బతుకుల నవల అన్నాం. ప్రవాస సాహిత్యం అని మాత్రం నోరారా అనలేదు. విమానం ఎక్కి సముద్రం దాటినవాళ్ళ కథే కదా అదీ! ఇంగ్లీషు రాని ప్రవాసి మనకు ప్రవాసి కాదు, వలస కూలీ. అంతే తేడా.

మలయాళంలో బెన్యామిన్ 2008లో 'ఆడుజీవితం' రాశాడు. సౌదీ ఎడారిలో గొర్రెలు, మేకలు కాసిన మనిషి కథ. ఆ రాష్ట్రం దాన్ని తన కథగా చదువుకుంది, 2024లో సినిమాగా చూసుకుంది. ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రత్యేక శాఖను కేరళ 1996లోనే పెట్టుకుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి అయిదు లక్షలిచ్చే ఉత్తర్వు మన దగ్గర 2024లో వచ్చింది. నవలలు రాస్తే శాఖలు పుడతాయని కాదు. ఎవరి బాధను ఊరంతా తన బాధ అనుకుంటుందో, వాళ్ళ లెక్క ఎక్కడో ఒక చోట రాసి పెట్టుకుంటుంది. మనం ఆ లెక్క రాయలేదు.

రెండో తగాదా 'భ్రమలు తొలగడం' గురించి. భ్రమ తొలగాలంటే ముందు భ్రమ ఉండాలి కదా. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల నుంచి దుబాయి పోయినవాళ్ళెవరూ కల కని పోలేదు. దుబాయికి ముందు బొంబాయి ఉంది, భీవండి ఉంది. పసుపు ధర ఒక ఏడు లేస్తే రెండేళ్ళు పడుతుంది. మా పక్కనే ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో లే ఆఫ్‌తో మూతపడింది. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగినప్పుడల్లా ఏం జరిగిందో పేపర్లు చదివేవాళ్ళందరికీ తెలుసు. వీళ్ళకు భ్రమ లేదు, మిత్తి ఉంది.

మా బాపు 2001లో షార్జా పోయాడు. షట్టరింగ్ పని. ఏజెంటుకు కట్టిన డెబ్బై వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి. మొదటి రెండేళ్ళ కష్టం ఆ అప్పుకే పోయింది. పన్నెండేళ్ళలో నాలుగుసార్లు ఇంటికొచ్చాడు. నా ఇంజనీరింగ్ ఫీజు, హైదరాబాద్ హాస్టల్ ఖర్చు అక్కణ్ణుంచే వచ్చాయి. అంటే నా డాలస్ ఆయన షార్జా మీద నిలబడింది. మొన్న సెలవులో అడిగాను, "బాపూ, షార్జా నచ్చేదా నీకు?" అని. ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "నచ్చుడేందిరా? పనికి పోయినం" అన్నాడు.

నచ్చడం, నచ్చకపోవడం అనేవి మనం కొనుక్కోగలిగిన సంగతులు. కొనుక్కోవద్దని అనను. వాటిని మానవజాతి విషాదంలాగా రాయొద్దంటాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. బాధల్లో పోటీ పెడతావా, మా భయం భయం కాదా అని. అవును, మన భయం నిజమే. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చిన రాత్రి నేనూ నిద్రపోలేదు. అది ఎవరికి వర్తిస్తుందో తేలేదాకా దేశం దాటినవాళ్ళు వెనక్కి పరుగెత్తారు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులు. దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల గ్రీన్ కార్డు కోసం ఏళ్ళకేళ్ళు. ఇవన్నీ నిజం. నా తగాదా ఏమిటంటే, ఇంత నిజమైన భయం చేతిలో పెట్టుకుని మనం మంచు గురించీ తొక్కు గురించీ రాస్తున్నాం.

ఎందుకు? ఈ భయాన్ని దాని పేరుతో పిలిస్తే మన పరువు పోతుంది కనుక. గల్ఫ్‌లో కార్మికుడి వీసా కఫీల్ చేతిలో ఉంటుంది. వాడు ఉంచితే ఉండాలి, పొమ్మంటే పోవాలి. నా వీసా నా కంపెనీ చేతిలో ఉంది. కఫీల్‌ని మనం స్పాన్సర్ అంటున్నాం. కఫీల్ దగ్గర్నుంచి బయటపడి కాగితం లేకుండా బతికేవాణ్ణి మావాళ్ళు ఖల్లివెల్లి అంటారు. మనం అవుట్ ఆఫ్ స్టేటస్ అంటాం. జీతం వేరు, ఇల్లు వేరు, ఎండ వేరు. ఆ తేడా చిన్నది కాదు. కానీ మెడకున్న తాడు ఒకే నార. మా బాపు దాన్ని మొదటి రోజే గుర్తుపట్టాడు. నాకు తొమ్మిదేళ్ళు పట్టింది, ఎందుకంటే నన్ను 'టాలెంట్' అన్నారు, నేను నమ్మాను. కూలీ అన్న మాట మనకు వర్తించదనుకోవడమే మన అసలు భ్రమ. అది మాత్రం ఇంకా తొలగలేదు.

తొలగి ఉంటే మన రాతలు వేరేగా ఉండేవి. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస వేతనాల ప్రమాణాన్ని తగ్గించింది. గొడవయ్యాక 2021లో వెనక్కి తీసుకుంది. మన ప్రభుత్వమే మనవాళ్ళ చెమటకు రేటు తగ్గించిన ఆ నెలల్లో నేను రాసుకున్నది లాక్‌డౌన్ ఏకాంతం గురించి. పదో తరగతి పాసుకానివాళ్ళు 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం నుంచి విడిగా క్లియరెన్స్ తెచ్చుకోవాలి. వాళ్ళకిచ్చే బీమా ప్రమాదంలో పోతే పది లక్షలిస్తుంది. క్యాంపులో పడుకున్నవాడి గుండె నిద్రలో ఆగిపోతే అది ప్రమాదం కిందికి రాదు. ఇందులో ఒక్క నవలకు సరిపడా కథ లేదా?

ఇంక 'తిరిగి రావడం' గురించి మనం రాసే తీపి వాక్యాలు. ఒక హత్య కేసులో దుబాయ్ జైల్లో 18 ఏళ్ళున్న సిరిసిల్ల ప్రాంతపు మనుషులు 2024 ఫిబ్రవరిలో శంషాబాద్‌లో దిగారు. వదిలిపోయిన పసిపిల్లలు పెద్దవాళ్ళై ఎదురుచూసే ఇంటికి తిరిగి రావడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించి, ఆ తర్వాత కోకాపేట ట్రాఫిక్ గురించి విసుక్కుందాం.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రవాసం గురించి రాస్తే లెక్క మొత్తం రాయండి. పోవడానికి డబ్బు ఎవరు పెట్టారు? ఎంత మిత్తికి? మీ కాగితం ఎవరి చేతిలో ఉంది? పని పోతే ఎన్ని రోజులు ఉండనిస్తారు? మీరు పోయాక ఇంట్లో ముసలివాళ్ళను ఎవరు చూస్తున్నారు? ఇవి రాశాక మంచు గురించి కూడా రాయండి, చదువుతాను. ప్రవాస సాహిత్యం మీద సభ పెడితే అమెరికా, ఆస్ట్రేలియాలతో పాటు ఒక కుర్చీ షార్జాకు వేయండి. చివరి వరసలో కాదు.

దోస్తు జనవరిలో ఎర్బిల్ పోయాడు. శంషాబాద్ నుంచి ఫోన్ చేశాడు. కెనడా ఏమైందని అడిగాడు. ఇంకా చూస్తున్నానన్నాను.

"ఏ దేశమన్న పో రా," అన్నాడు. "కాయితం నీ చేతుల ఉండేటట్టు చూసుకో."

నా షీట్‌లో ఆ గడి లేదు. ఆ రోజే చేర్చాను.