త్రోవలో దప్పిక

మన యిండ్లలో పురుషుడు విహారమునకు బయలుదేరుట మిక్కిలి సులభము. చొక్కా తొడిగికొని చెప్పులు వేసికొన్నచో నాతని ప్రయాణసన్నాహము ముగిసినట్లే. గృహిణి బయలుదేరుట యట్టిది కాదు. పులిహోర కలుపవలెను, నీళ్లసీసాలు నింపవలెను, పిల్లలకు జంతికలు, అత్తగారికి మందుబిళ్లలు, అందరికిని చేతిగుడ్డలు సంచిలో సర్దవలెను. వంటయింటిని సగము మోసికొనిపోయి, చెట్టునీడను వడ్డించి, యెంగిలిగిన్నెలు మూటగట్టుకొని తిరిగివచ్చుటకు మనము విహారమని పేరు పెట్టితిమి. ఈ నెల మేము సోదరీమణులతో ముచ్చటింపదలచినది బయటి చిరుతిండ్లను గూర్చియు, పానీయములను గూర్చియు. విషయము చిన్నదివలె దోచును గాని, స్త్రీల యారోగ్యమును గౌరవమును గూడ దానియందిమిడియున్నవి.

పూర్వకావ్యములలో చలివేంద్రములు తరచుగా గానవచ్చును. అచట నీరు పోయు స్త్రీకి ప్రపాపాలిక యని పేరు. హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో నొక ముచ్చట గలదు. బాటసారి యామె మొగమును జూచుచు, వ్రేళ్ల సందులనుండి నీరు జారవిడుచుచు, త్రాగుట జాగుచేయును. ఆమెయు ధారను సన్నము చేయును. సరసమైన కల్పనయే. క్రీడాభిరామములో నోరుగల్లు వీథులంట దిరుగువారును మిత్రులైన యిద్దరు పురుషులే. రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూళ్లయిల్లును వారి కొరకే. మా తండ్రిగారివద్ద కావ్యములు చదువుకొన్ననాటినుండియు మాకొక సందేహము గలదు. త్రోవ నడచువాడు పురుషుడు, త్రాగువాడును పురుషుడు. నీరు పోయు నామెకు దప్పియైనచో పోయువారెవరు?

ఈ ప్రశ్న పాతదని తలపవలదు. సాయంకాలము విశాఖపట్టణమున రామకృష్ణా సముద్రతీరమునకు బోయి చూడుడు. 2002లో ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిపిన కురుసురా జలాంతర్గామి నడుగో పిల్లలు వింతగా జూచుచుందురు. బండ్లవాండ్రు మరమరాలలో నుల్లి, టమాటా, పల్లీలు, కారము, నిమ్మరసము కలిపి ముంతమసాలా చేయుదురు. ఒకచోట మిరపకాయ బజ్జీలు నూనెలో దేలుచుండును. మరియొకచోట మొక్కజొన్నకంకులు నిప్పులపై జిటపటలాడును. గోలీసోడా కొట్టు చప్పుడు మనవారి చెవికి చిరపరిచితము. ఆ సీసా 1872లో హైరం కాడ్ అను నాంగ్లేయుడు హక్కు పొందినది. దానిని తలక్రిందుగా బట్టి నింపుదురు. లోని వాయువు గోలీని మూతివద్దనున్న రబ్బరు వలయమునకు గట్టిగా నదుమును. బొటనవ్రేలితో నొక్కగనే గోలీ మెడలోని నొక్కులో బడి సోడా బుస్సున పొంగును.

భర్త సోడా త్రాగును. పిల్లలు బజ్జీలు తిందురు. ఇల్లాలు మాత్రము అందరి చెప్పులను, చేతిసంచిని కాచుచు, "నాకు వద్దు లెండి" యనును. పొట్లములో మిగిలిన నాలుగు మరమరాలు ఆమె పాలు. అది త్యాగమని కొందరు మెచ్చుకొందురు. మాకు తెలిసినంతవరకు దానికి వేరొక కారణమును గలదు.

మొన్నటి శీతకాలమున మేము మా వదినగారితో గూడ కొండదారిని కారులో అరకుకు బోయితిమి. తెల్లవారినది మొదలు ఆమె గ్రుక్కెడు నీరైనను ముట్టలేదు. త్రోవలో బండి యాపినచోటనెల్ల కాఫీ వాసన గుప్పుమనుచుండెను. చెట్లనీడను, మిరియపుదీగెల నడుమ గిరిజనులు పండించు నా కాఫీకి 2019లో భౌగోళికసూచిక గుర్తింపు వచ్చినది. దాని రుచి యామె యెరుగనిది గాదు. మేము బలవంతము చేయగా మెల్లగా మా చెవిలో, "వద్దమ్మా, త్రాగితే మళ్లీ ఎక్కడికి పోవాలి?" అనెను. పండ్రెండు గంటలవేళ ఒక కాఫీయంగడి వెనుక, లోపల గడియయు, నిండుగా నీళ్లును గల శుభ్రమైన మరుగుదొడ్డి కనబడెను. ఆమె వెళ్లి చూచి వచ్చి, కుర్చీ లాగుకొని కూర్చుండి, "రెండు కాఫీలు చెప్పవమ్మా, రెండూ నాకే" యనెను.

నీరు తక్కువగా ద్రాగుటయు, మూత్రమును బలవంతముగా నిలుపుటయు మూత్రకోశమున నంటుదోషమునకు దారి తీయవచ్చునని వైద్యులు చెప్పుదురు. స్త్రీల మూత్రనాళము పొట్టిది గనుక నీ బాధ మనకే యెక్కువ. కాబట్టి దప్పికను దిగమ్రింగుట మర్యాద గాదు, వ్యాధిని బిలుచుట.

బయట త్రాగుట యన్నంతనే పెద్దలు మొగము చిట్లించుటకు కారణము లేకపోలేదు. ఆ మాటకు మన భాషలో సారాయి వాసన పట్టినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు సారాదుకాణముపై దిరుగబడిరి; అక్షరాస్యతా తరగతులలో కలిసి చదువుకొనుటయే వారికి గలిసి మాటలాడు ధైర్యమునిచ్చినది. ఆ నిప్పు రాష్ట్రమంతట నంటుకొనగా 1993లో సారా నిషేధింపబడెను; 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను. కూలిడబ్బు కొంపకు రానీయని పానముపై వారు పోరాడిరి గాని, యెండలో నడచివచ్చిన యిల్లాలు సోడా త్రాగుటపై గాదు. ఇంకొక మాట. మగవారు మిత్రులతో పానగోష్ఠి జరుపునపుడు పల్లీలు వేయించుచు, పకోడీలు దింపుచు పొయ్యివద్ద నిలుచునదెవరు? ఒకరి విశ్రాంతి మరియొకరి చాకిరి యైనచో నది యింటికి శోభ గాదు.

చిరుతిండ్ల యెడ కొంత వివేకమును వలయును. కన్నులయెదుట మరగిన తేనీరు, అప్పుడే మూకుడునుండి తీసిన బజ్జీ, నిప్పుపై గాలిన కంకి నమ్మదగినవి. ముందుగా గోసియుంచిన పండ్లముక్కలు, ఏ నీటితో జేసిరో తెలియని ఐసుగడ్డ, ఉదయమునుండి నిలువయున్న చట్నీ విడువదగినవి. నూనె నల్లబడిన బండిని దాటిపొండు. వార్తాపత్రికలలో తినుబండారములు చుట్టరాదని దేశ ఆహారభద్రతాసంస్థ 2016లోనే హెచ్చరించినది. అచ్చుసిరాలోని హానికరద్రవ్యములు తిండికంటి కడుపులోనికి బోవును. ఆకుదొన్నెలో బెట్టుమని యడుగుడు. అడుగువారు పదిమంది యైనచో బండివాడే తెచ్చి యుంచును.

ఇంతకును మేము కోరునది గొప్పది గాదు. నెలకొక సాయంకాలము పొయ్యి చల్లగా నుండనిండు. ఆ పూట సంచి భర్తగారు మోయుదురు గాక. పిల్లల చేతులు తాతగారు పట్టుకొందురు గాక. మీ కంకి మీరే కొనుక్కొని, చల్లారకముందే తినుడు. తినుబండారముల వీథి నేర్పరచు పురపాలకసంఘమువారు మొదట స్త్రీలకు గడియయు నీళ్లును గల మరుగుదొడ్డి కట్టి, పిమ్మట బండ్లకు చోటీయవలెను. మీ యూర నట్టిది లేనిచో, ఇరుగుపొరుగు స్త్రీల చేవ్రాళ్లతో నొక యర్జీ పంపుడు. ప్రత్యుత్తరము వచ్చినను రాకున్నను మాకు వ్రాసి తెలుపుడు.