లాబ్రడార్ బహుమతి కాదు

పరీక్షల కాలం వచ్చేసింది. "మంచి మార్కులు తెచ్చుకో, కుక్కపిల్లను కొనిస్తాం" అనే మాట ఇళ్లలో వినిపించే రోజులివి. అప్పుడు పిల్లలు ముందుగా అడిగే పేరు లాబ్రడార్. పిల్లలతో ఇట్టే కలిసిపోతుందని, చెప్పిన మాట వింటుందని దానికి పేరు. ఆ పేరు చాలావరకు నిజమే. అయినా మార్కులకు బహుమతిగా దాన్ని ఇంటికి తేవద్దని నా అభిప్రాయం.

లాబ్రడార్ పని కోసం పెంచిన జాతి. దాని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు వలలు లాగడంలో సాయపడేవి. 19వ శతాబ్దంలో బ్రిటన్‌కు చేరాక, వేటలో కొట్టిన పక్షులను నలపకుండా నోట కరుచుకొచ్చే కుక్కగా వాటిని తీర్చిదిద్దారు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మన చెప్పులు, సాక్సులు నోట పెట్టుకుని తిరగడం దాని అల్లరి కాదు, రక్తంలో ఉన్న పని. ఆ శక్తికి రోజూ కనీసం గంటసేపు నడక, పరుగు, ఆట కావాలి. అవి లేకపోతే సోఫా కొరుకుతుంది, అదే పనిగా మొరుగుతుంది.

దాని ఒంటి మీద చల్లని నీటిని తట్టుకునే రెండు పొరల బొచ్చు ఉంటుంది. మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి ముఖ్యంగా వగర్చడం ద్వారానే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. మే నెల ఎండలో బాల్కనీలో కట్టేస్తే ప్రాణానికే ముప్పు. నడక తెల్లవారుజామునే ముగియాలి.

తిండి సంగతి మరొకటి. ఈ జాతిలో సుమారు నాలుగింట ఒకదానికి ఆకలిని పెంచే జన్యుమార్పు ఉందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో తేల్చారు. గిన్నె ఖాళీ చేసి మళ్లీ మన ముఖంలోకి చూసినప్పుడల్లా పిల్లలు బిస్కెట్ వేస్తే బరువు పెరుగుతుంది, తుంటి కీళ్లు దెబ్బతింటాయి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లి అయితే విషమే.

ఇప్పుడు లెక్క వేద్దాం. లాబ్రడార్ సాధారణంగా 10 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఆరో తరగతిలో కుక్కపిల్ల వస్తే, పిల్లవాడు ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్లేనాటికి దానికి నాలుగైదేళ్లు. అక్కడికి వెళ్లకముందు కూడా స్కూలు, స్టడీ అవర్స్, హోంవర్క్ పోగా వాడి దగ్గర మిగిలే సమయం ఎంతో మనకు తెలుసు. పేరుకు బహుమతి పిల్లవాడిది, చాకిరీ అమ్మది. ఎవరికీ తీరిక లేనప్పుడు దాన్ని ఎవరికో ఇచ్చేస్తాం. ప్రాణమున్నదాన్ని కూడా అవసరం తీరాక వదిలించుకోవచ్చని పిల్లవాడు మన దగ్గరే నేర్చుకుంటాడు. మార్కుల కోసం చెప్పే ఏ పాఠమూ దాన్ని చెరిపేయలేదు.

కుక్కను పెంచవద్దని కాదు. బాధ్యత, దయ నేర్పడానికి అంతకన్నా మంచి తోడు అరుదు. అయితే మార్కులతో ముడిపెట్టకుండా ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించండి. ముందుగా టీకాలు, పశువైద్యం, తిండి ఖర్చు కాగితం మీద రాయండి. ఊరెళ్లినప్పుడు ఎవరు చూసుకుంటారో తేల్చుకోండి. ఈ వేసవి సెలవుల్లో కుక్క లేకుండానే రోజూ ఉదయం ఐదింటికి లేచి, పిల్లలతో కలిసి గంటసేపు నడవండి. జూన్‌లో బడి తెరిచాక కూడా ఆ నడక ఆగకపోతే, అప్పుడు కుక్కపిల్ల గురించి మాట్లాడుకోవచ్చు.