ఉచితముగ దొరకు పాఠములు

ఉచితముగ దొరకు పుస్తకమును ఇష్టము వచ్చినట్లు మార్చవచ్చునని మనలో పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. 2002వ సంవత్సరమున వెలువడిన క్రియేటివ్ కామన్స్ అనుమతిపత్రములు గ్రంథకర్త హక్కును తుడిచివేయవు; కొన్ని షరతులపై మనకును పాలు ఇచ్చును.

ప్రథమ్ బుక్స్ వారు 2015లో నెలకొల్పిన స్టోరీవీవర్ నందలి కథలను చూడుడు. వానిలో పెక్కింటిని తెనిగింపవచ్చును, కుదింపవచ్చును, అచ్చువేసి అమ్మవచ్చును గూడ. అయితే మూలరచయిత పేరును, చిత్రకారుని పేరును (దీనినే మనవారు తఱచుగా మఱతురు!), అనుమతి పేరును, మనము చేసిన మార్పును తెలుపవలెను.

"మార్పు కూడదు" అను షరతు గల పుస్తకముల సంగతి వేఱు. వానిని యథాతథముగ పంచిపెట్టవచ్చునే గాని తెనిగించి పంచరాదు. అనువాదమును మార్పే గదా. పాఠ్యగ్రంథములకు ఇట్టి షరతు పెట్టుట నాకు సమ్మతము కాదు. ఆంగ్లము రాని బాలునకు అట్టి పుస్తకము ఉన్నను లేనట్లే. అయినను షరతును మీఱుటకు మనకు అధికారము లేదు. గ్రంథకర్తకు లేఖ వ్రాసి యడుగుటయే మార్గము.

2013 నాటి 4.0 కూర్పు ప్రకారము షరతు తప్పినవారి అనుమతి రద్దగును. తప్పు తెలిసిన 30 దినములలో దిద్దుకొన్నచో మరల లభించును. తరగతులలో పేర్లు లేని పాఠపత్రములున్నచో ఉపాధ్యాయులు వానిని ఈ సెలవులలోనే సరిచూచుట మంచిది.