సైకిలునకు రెండు మోటారులేల?



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో నేను తిరుగు గ్రామములందు యువరైతులు తరచుగా నన్నొక ప్రశ్న యడుగుచున్నారు. పాత సైకిలునకు ముందు చక్రమున నొకటి, వెనుక చక్రమున నొకటి హబ్బు మోటారు బిగించిన మేలుకాదా యని. హబ్బు మోటారు క్రొత్త వింత కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అను నతడు 1895లోనే వెనుక చక్రపు హబ్బులో మోటారు గల సైకిలునకు పేటెంటు పొందెను. అయినను నా యభిప్రాయమిది: రైతునకు మోటారొకటి చాలును, మిగిలిన సొమ్ము బ్యాటరీకిని, బ్రేకులకును వెచ్చింపవలెను.

రెండవ మోటారు నిరర్థకమని నేననను. భారమును సమముగా పంచుకొన్నచో ఒక్కొక్కదానిలో కరెంటు సగమగును. తీగచుట్టలలో పుట్టు వేడి నాల్గవ వంతునకు తగ్గును. బురదలో వెనుక చక్రము జారినను ముందుచక్రము లాగును. కాని దూరమును నిర్ణయించునది బ్యాటరీ. రెండవ యెద్దును కట్టినంతమాత్రమున గడ్డివాము పెరుగునా?

లెక్క చూడుడు. 36 వోల్టుల, 10 ఆంపియరు గంటల బ్యాటరీలో నుండునది 360 వాటు గంటల శక్తి. కిలోమీటరునకు 12 వాటు గంటలు ఖర్చయినచో 30 కిలోమీటర్లు వచ్చును. దానిని నింపుటకు అర యూనిటు లోపే పట్టును. మనిషి, సైకిలు, మిరపబస్తా కలిసి 150 కిలోలనుకొందము. నూరడుగులకు అయిదడుగులు లేచు గట్టుదారిని గంటకు 10 కిలోమీటర్ల వేగమున నెక్కుటకు కావలసినది సుమారు 245 వాట్లు. చిన్న మోటారొకటి, దానికి తోడు మన కాళ్లు చాలవా?

చట్టమును మరువరాదు. మోటారు 30 నిమిషముల సామర్థ్యము 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోపుగా నుండి, తక్కిన షరతులకు లోబడిన బండిని మాత్రమే మోటారు వాహనముగా నెంచరు. రెండు మోటారులు ఆ మితిని దాటించినచో రిజిస్ట్రేషను, లైసెన్సు తప్పవు.

మా సభ్యుడొకడు అప్పుచేసి రెండు మోటారులు కొని, ఇరుసు తిరుగకుండ పట్టు ఇనుపబద్ద లేకయే ముందుఫోర్కునకు ఒకటి బిగించెను. పది దినములలో ఇరుసు ఊడి, తీగలు తెగి, అతడు దారిలో పడెను. చేయి బాగుపడినది; బాకీ మిగిలినది.

కావున నొక మనవి. ఎవరికివారు అప్పుచేయుటకు మారు, ప్రతి సంఘము ఒక్క మోటారుతో ఒక్క సైకిలును సిద్ధపరచి, ఒక పంటకాలము సభ్యులచే నడిపించి, ఖర్చును పుస్తకమున వ్రాయించవలెను. ఆ లెక్క చూచిన పిమ్మటనే కొనుడు. ఒకని నష్టము పదిమందికి పాఠమగుటకంటె, పదిమంది పరీక్ష ఒకనిని నష్టమునుండి కాపాడుటయే సహకారము.