మబ్బుల్లో గాదె

మొన్న అర్ధరాత్రి రెండు గంటలకు మా కోడలి ఫోను గొల్లున మోగింది. పిల్ల ఉలిక్కిపడి లేచి, ముందుగదిలో కంప్యూటరు తెరిచి కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"ఏమమ్మా, మీ ఆఫీసు లెక్కలన్నీ క్లౌడులో పెట్టేశామనీ, వాటి ఆలనా పాలనా ఆ కంపెనీవాళ్లే చూస్తారనీ చెప్పావుగా? డబ్బు పుచ్చుకునేవాళ్లు నిద్రపోతూ వుంటే నువ్వు మేలుకోవడమేమిటి?" అన్నాను. కాస్త కటువుగానే అన్నాను, దాచడమెందుకు?

"పొద్దున్న చెబుతాను, మీరు పడుకోండి అత్తయ్యా" అంది.

పొద్దున్న కాఫీ తాగుతూ చెప్పింది. క్లౌడంటే మబ్బేమీ కాదట. కంప్యూటర్లు బారులు తీర్చిన పెద్ద పెద్ద భవనాలట. అమెజాన్ వారు అలాంటివి 2016లో బొంబాయిలోనూ, 2022లో మన హైదరాబాదులోనూ తెరిచారు. ఏ రోజు లెక్క ఆ రోజు వ్రాసుకునేది డేటాబేసు. ఏళ్ల తరబడి లెక్కలన్నీ ఒకచోట చేర్చి, ఏ వూళ్లో ఏ సరుకు ఎప్పుడు ఎక్కువ పోయిందో అడిగి తెలుసుకునేది డేటా వేర్‌హౌసు.

"వంటింట్లో డబ్బాలూ, పెరట్లో గాదే అన్నమాట" అన్నాను.

"అంతే. గాదె అద్దెకిచ్చినవాళ్లు యంత్రం చెడితే మారుస్తారు, నకళ్లు తీస్తారు. కాని నకలు ఎన్నాళ్లు దాచాలో మనమే చెప్పాలి. అమెజాన్ డేటాబేసు సేవలో దానంతటదే తీసే నకలు 35 రోజులకు మించి వుండదు. గాదె నిండిపోతోందా, జవాబులు ఆలస్యమవుతున్నాయా అని గంట కట్టుకోవలసిందీ మనమే. రాత్రి మోగింది ఆ గంటే. నిండిపోతే కొత్త లెక్క ఒక్కటి కూడా ఎక్కదు."

"మరి ఆ గంటే మోగకపోతే?"

అప్పుడొక నిజం కథ చెప్పింది. గిట్‌ల్యాబ్ అని, ప్రోగ్రాములు వ్రాసేవారి పని దాచిపెట్టే కంపెనీ. 2017 జనవరి 31న బాగా పొద్దుపోయాక, అక్కడి ఇంజనీరొకరు ఒక కంప్యూటరులో చెరపవలసినదాన్ని పొరబాటున అసలు డేటాబేసులో చెరిపేశారు. క్షణాల్లో ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నరే మిగిలింది. సరే, నకళ్లున్నాయి కదా అని చూస్తే ఖాళీ! నకలు తీసే ప్రోగ్రాము పాతదీ, డేటాబేసు కొత్తదీ కావడంతో పొత్తు కుదరలేదు. ఆ సంగతి తెలుపుతూ వెళ్లిన ఉత్తరాలను సంతకం సరిగా లేదని అవతలి యంత్రం తిప్పికొట్టింది. వేరే పనికోసం ఆరు గంటల ముందు ఎవరో తీసిపెట్టిన నకలు దక్కింది కాబట్టి, ఆ ఆరు గంటల పనితో నష్టం సరిపోయింది. ఆ కంపెనీవారు దాచకుండా అంతా లోకానికి చెప్పుకున్నారు.

"అందుకే అత్తయ్యా, నెలకోసారి నకలు తెరిచి, లెక్క సరిపోయిందో లేదో చూస్తాను. గంట మోగలేదంటే అంతా బాగున్నట్టు కాదు, గంటే చెడిపోయి వుండవచ్చు."

నాకు గుండెలో రాయి పడింది. మనవడి అన్నప్రాశన ఫొటోలు నేనూ క్లౌడులోనే దాచాను! తీసి చూద్దును కదా, పేరుంది గాని లోపల ఒక్క బొమ్మ లేదు. అసలువి మావారి ఫోనులో ఇంకా వున్నాయి కాబట్టి బతికిపోయాను. ఆయన ఆ మర్నాడే ఫోను మార్చబోతున్నారు!

సోదరీమణులారా, మీరూ ఈ ఆదివారం తీరిక చేసుకుని, దాచుకున్న ఫొటోలూ, దస్తావేజుల నకళ్లూ ఒకసారి తెరిచి చూడండి. పేరు కనబడితే చాలదు, లోపలిది కనబడాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఇక మా ఇంటి సంగతి. నిన్న రాత్రి ఆ ఫోను మళ్లీ మోగింది. ఈసారి నేనేమీ అనలేదు. లేచి పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టాను.