మన జిల్లాకు సముద్రం వచ్చింది, పిల్లలకు చూపించామా?



చలికాలం వస్తే మన పిల్లల డైరీలో రెండు కాగితాలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి పరీక్షల టైంటేబుల్, రెండోది టూర్ కన్సెంట్ ఫారం. మొదటిదాని గురించి మీరు చాలా ప్రశ్నలు అడుగుతారు. రెండోదాని గురించి ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "ఈసారి కూడా చెన్నైకేనా మేడం?" చెన్నై అంటే వాటర్ పార్కు, మాల్, సాయంత్రం బీచ్. పిల్లలు సరదాపడటంలో తప్పేమీ లేదు. నేను అడిగేది చిన్న మార్పు మాత్రమే. ఈసారి బస్సు చెన్నై దాకా పోనక్కర్లేదు. దారిలోనే నేలపట్టులో ఒకసారి, పులికాట్ ఒడ్డున ఒకసారి ఆపుదాం.

2022 ఏప్రిల్ 4కు ముందు మన ఏర్పేడు చిత్తూరు జిల్లాలో, సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలో ఉండేవి. తిరుపతి జిల్లా ఏర్పడ్డాక రెండూ ఒకే జిల్లా అయ్యాయి. కొండలూ చెరువులూ మామిడితోటలే తెలిసిన మనకు కాగితం మీద ఒక సముద్రతీరం వచ్చింది. మ్యాప్ పాయింటింగ్‌లో పిల్లలు ఆ తీరాన్ని గుర్తిస్తారు, మార్కులు కూడా తెచ్చుకుంటారు. కానీ శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సుమారు రెండు గంటలు ప్రయాణిస్తే ఆ మ్యాప్‌లోని నీళ్లను కళ్లతో చూడవచ్చని ఎంతమందికి తెలుసు?

పులికాట్ మామూలు చెరువు కాదు. వానలు తెచ్చే మంచినీళ్లు, సముద్రపు ఉప్పునీళ్లు కలిసే సరస్సు. ఇలాంటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో ఇదే పెద్దది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున్నా, సగటు లోతు ఒక మీటరే. అందుకే పొడుగు కాళ్ల రాజహంసలు, అదే మనం ఫ్లెమింగోలంటున్నవి, ఇక్కడ వందల మీటర్లు నడుచుకుంటూ మేత తింటాయి. తలను తలకిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కుతో బురదనీటిని వడకట్టి, చిన్న చిన్న జీవులనూ నాచునూ తింటాయి. ఆ తిండిలో ఉన్న రంగే వాటి ఈకలకు గులాబీ రంగునిస్తుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా ఉన్న దీవే శ్రీహరికోట.

పులికాట్‌కు ఉత్తరంగా, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. దాదాపు 459 హెక్టార్ల పక్షుల కేంద్రం. అక్టోబరు నుంచి గూడబాతులు వచ్చి, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు కూడా వస్తాయి. గూడు నేలపట్టులో, చేపలు పులికాట్‌లోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తలదూర్చి చేపను అందుకోవడం చూసిన పిల్లవాడికి ఆహారపు గొలుసు అనే పాఠాన్ని మళ్లీ బట్టీ పట్టించాల్సిన అవసరం ఉండదు.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. 'నాకు నచ్చిన పక్షి' అని రాయమంటే మా క్లాసులో పెంగ్విన్ గురించి పది వాక్యాలు తప్పుల్లేకుండా వస్తాయి. గూడబాతు గురించి ఒక్క వాక్యం రాదు, ఆ పేరే తెలియదు కాబట్టి. ఇది పిల్లల తప్పు కాదు. టీవీలో, ఫోన్‌లో కనిపించేదే వాళ్ల లోకం. ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్న పిల్లలకు ఈ ఊరి పక్షుల పేర్లు రెండు భాషల్లోనూ రావాలని నేను కోరుకుంటాను. పెలికాన్ అనే మాట మేము నేర్పగలం. గూడబాతు అనే మాట మీ ఇంట్లో తాతయ్యకో అవ్వకో తెలిసి ఉంటుంది. అడిగించండి.

"చూస్తే బాగానే ఉంటుంది, కానీ దీనివల్ల ఐఐటీ సీటు వస్తుందా?" అని ఒక తండ్రి నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఫీజు కడుతున్నది ఆ ఆశతోనే. మన ఏర్పేడులోనే ఐఐటీ, ఐఐఎస్‌ఈఆర్ ఉన్నాయి, ఆ గేట్లు చూస్తూ పెరుగుతున్న పిల్లలు వీళ్లు. ఆ సంగతి మరిచిపోకుండానే జవాబు చెబుతాను.

పులికాట్ ఇప్పుడు ఇబ్బందిలో ఉంది. సరస్సులోకి సముద్రపు నీళ్లు రావాలంటే ముఖద్వారాలు తెరిచి ఉండాలి. మన రాష్ట్రం వైపున్న రాయదొరువు, తూపిలిపాళెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయాయి. దాంతో ఎండాకాలంలో ఉత్తర భాగం ఎండి బీటలు వారుతుంది. చేపలు తగ్గితే జాలర్ల ఇల్లు గడవదు. నీళ్లున్న దక్షిణం వైపు వేటకు వెళితే హద్దుల దగ్గర రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య గొడవలు. ఇసుక తీయించాలని జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. మరి ఎంత లోతు తవ్వాలి? నీళ్లు మరీ లోతైతే రాజహంసలు నిలబడి మేయలేవు. తవ్వకపోతే చేపలూ ఉండవు, పక్షులూ ఉండవు. తవ్విన చోట సముద్రం మళ్లీ ఇసుక తెచ్చి పోస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. దేశానికి రాకెట్లు కావాలి కాబట్టి ఆ రోడ్డు కావాలి. సరస్సు బతకాలంటే ఆ రోడ్డు కిందుగా నీళ్లు అటూ ఇటూ కదలాలి.

ఈ లెక్కను ఎవరు చేస్తారు? మీ అమ్మాయీ అబ్బాయీ రేపు సివిల్ ఇంజినీర్లో, కలెక్టర్లో, సైంటిస్టులో అయితే వాళ్లే చేయాలి. ఒక్కసారైనా ఆ ఒడ్డున నిలబడినవాళ్లు చేసే లెక్కకూ, స్క్రీన్ మీద నీలిరంగు మచ్చను మాత్రమే చూసినవాళ్లు చేసే లెక్కకూ తేడా ఉంటుంది. నేను టూర్ అడుగుతున్నది అందుకే.

ఒక పేరు గుర్తు చేస్తాను. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారని పిల్లలందరికీ తెలుసు. ఇస్రోకు ఛైర్మన్‌గా పనిచేసిన ఆయన పక్షులు ఎలా ఎగురుతాయో శ్రద్ధగా పరిశీలించి, దాని మీద ఒక పుస్తకమే రాశారు. అది 1991లో వచ్చింది. రాకెట్లు పంపించిన మనిషికి కొంగ రెక్క చిన్న విషయంగా అనిపించలేదు. మన పిల్లలకు మాత్రం ఎందుకు అనిపించాలి?

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. వీక్లీ టెస్ట్ పోతుందంటారు. ఒక్క శనివారం పోతుంది, దాన్ని మేము సర్దుకోగలం. నీళ్ల దగ్గర భయం అంటారు. నేలపట్టులో పిల్లలు గట్టుమీద నుంచీ, వాచ్ టవర్ మీద నుంచీ చూస్తారు, నీళ్లలోకి దిగే పనే లేదు. ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వెళ్లవచ్చు కదా అంటారు. 2025 జనవరి 18 నుంచి 20 వరకు సూళ్లూరుపేటలో జరిగింది. పండుగ మంచిదే, దానివల్లే చాలామందికి ఈ సరస్సు పేరు తెలిసింది. కానీ మైకుల హోరులో, జనం మధ్యలో పిల్లలు చూసేది స్టేజీని, పక్షిని కాదు. పండుగ లేని మామూలు రోజున, పొద్దున్నే వెళ్లడమే మేలు.

స్కూల్ తీసుకెళ్లకపోయినా మీరే తీసుకెళ్లవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఒక ఆదివారం చాలు. చీకటితో బయలుదేరండి. మెరిసే రంగుల బట్టలు వద్దు. హారన్, పాటలు, అరుపులు వద్దు. సెల్ఫీ కోసం గూళ్ల దగ్గరికి పోనివ్వకండి. బెదిరిన పక్షి లేచిపోతే గూట్లోని గుడ్డుకు ఎండే మిగులుతుంది. చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు మళ్లీ ఇంటికే తీసుకురండి. పులికాట్ ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న మనిషి కనిపిస్తే ఆయన పనికి అడ్డం రాకుండా పిల్లలతో రెండు ప్రశ్నలు అడిగించండి: ఇప్పుడేం చేపలు పడుతున్నాయి, మీ చిన్నప్పుడేం పడేవి? ఆ రెండు జవాబుల మధ్య ఉన్న తేడాయే పాఠం.

ఒక విన్నపం. ఇంటికొచ్చాక చార్టు మీద బొమ్మలు అంటించమని వాళ్లను కూర్చోబెట్టకండి. మేము కూడా దీన్ని ప్రాజెక్టు చేసి మార్కులు వేయకుండా ఉందాం. చూసింది వాళ్ల మనసులో కొన్నాళ్లు ఉండనివ్వండి. చెప్పాలనిపించినప్పుడు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే చెబుతారు.

టూర్ ఫారంలో 'మీ సూచనలు' అని ఒక ఖాళీ గడి ఉంటుంది. దాన్ని ఎవరూ నింపరు. ఈసారి అందులో నేలపట్టు అని రాసి పంపండి. పదిమంది తల్లిదండ్రులు రాస్తే, ఆ కాగితాలు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లే బాధ్యత నాది.