పన్నెండు రోజుల్లో పారిస్ ప్రయాణం: అత్తగారిని తీసుకెళ్ళవచ్చునా?

తణుకు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆమె మరిది మూడేళ్ళుగా పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ జులై నెలాఖరుకు అక్కడి కాపురం ఎత్తేసి వచ్చేస్తున్నాడు. "ఈలోగా మీరంతా వస్తే హోటలు ఖర్చుండదు, ఇంకెప్పుడూ ఇలాంటి అవకాశం రాదు" అని పట్టుబట్టాడట. వీసాలు చివరి నిమిషంలో చేతికొచ్చాయి. దొరికినవాటిలో చవక టిక్కెట్లు కొన్నారు. ప్రయాణానికి పన్నెండు రోజులే గడువు. భార్యాభర్తలు, పదకొండేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ళ అత్తగారు వెళ్ళాలి. అత్తగారికి పదిహేనేళ్ళుగా షుగరు, బి.పి. ఉన్నాయి. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. "మావారు ఆమెను ఆడపడుచు దగ్గర దింపి వెళదామంటున్నారు. ఆవిడేమో చిన్నకొడుకు ఇల్లు ఒక్కసారి చూడాలని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. ఏం చేయమంటారు?" అని ప్రశ్న. ఉత్తరం చివర మరో రెండు ముక్కలు రాశారు. మరిది ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తగారి కుడికాలి చిటికెన వేలి పక్కన ఆనె ఉంది, ఆవిడే బ్లేడుతో చెక్కుకుంటూంటారు.

నాకు మాత్రం ఈ చివరి రెండు ముక్కలే అసలు ఉత్తరంగా కనిపించాయి. ఆమెకు ఆ రోజే విడిగా జవాబు రాశాను. చివరి నిమిషంలో, తక్కువ ఖర్చుతో, పెద్దవాళ్ళనూ పిల్లలనూ వెంటబెట్టుకుని బయలుదేరే కుటుంబాలు ఇప్పుడు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి కనుక ఆ సంగతులే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

ముందు ఆనె సంగతి. షుగరు చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. ఆనె కింద చర్మం నలిగి లోపల పుండు పడి ఉండవచ్చు, పైకి మాత్రం గట్టిగా పొడిగా కనిపిస్తుంది. బ్లేడుతో చెక్కితే ఆ పుండుకు దారి తెరిచినట్టే. బజారులో దొరికే ఆనె ప్లాస్టర్లలో చర్మాన్ని కరిగించే ఆమ్లం ఉంటుంది, అవీ వీరికి పనికిరావు. పారిస్ వెళ్ళేవాళ్ళు రోజుకు ఎనిమిది, పది కిలోమీటర్లు తెలియకుండానే నడుస్తారు. ఇంట్లో వంటగదికీ వరండాకీ మధ్య తిరిగే పాదం ఒక్కసారిగా అంత నడిస్తే ఏమవుతుందో ఊహించండి. అందువల్ల రేపే డాక్టరుకు పాదం చూపించండి, పుండు ఉంటే ఆవిడ ప్రయాణం మానాల్సిందే అని రాశాను. టిక్కెట్టు డబ్బు పోతుందని వెనకాడవద్దు. అలాంటి పుండు ముదిరి వేలు తీసేయవలసి వచ్చినవారిని నేను చూశాను.

పుండు లేదని తేలితే రెండో పరీక్ష మెట్లది. పారిస్‌లో పాత ఇళ్ళు చాలావాటికి లిఫ్టు ఉండదు. నాలుగో అంతస్తంటే నేల అంతస్తు కాక పైన నాలుగు. కాబట్టి ఇక్కడే రోజూ మెట్లెక్కించి చూడండి. నెమ్మదిగా, మధ్యలో ఆగుతూ ఎక్కినా ఫరవాలేదు. కానీ ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా వెంటనే ఆపి డాక్టరును కలవండి. షుగరున్నవారికి గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా ఉత్త ఆయాసంగానో చెమటగానో వస్తుంది. నడకకు కొత్త బూట్లు కొంటే ఈ రోజే కొనండి. ప్రయాణం ముందురోజు కొన్న బూట్లు పారిస్‌లో బొబ్బలవుతాయి. సాయంత్రం పూట, పాదాలు కాస్త వాచి ఉన్నప్పుడు, వేళ్ళు ఆడేంత చోటున్నవి చూసి కొని, మేజోళ్ళతో సహా ఇంట్లోనే వాడకం మొదలుపెట్టాలి. చీర మీద బూట్లేమిటని ఆవిడ అంటారు. అననివ్వండి.

ఇక డబ్బు విషయం. ఐరోపాలోని షెంగెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. చాలామంది అన్నిటికన్నా చవకైన కాగితం ఒకటి కొని వీసా ఫారానికి జతచేసి ఊరుకుంటారు. ఆ కాగితంలో ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో చదివారా? చాలా పాలసీల్లో వాటికి చికిత్స ఖర్చు ఇవ్వరు, లేదా ప్రాణాపాయం వస్తేనే ఇస్తారు. షుగరు, బి.పి. ఉన్నట్టు దాచిపెట్టి తక్కువ ప్రీమియం కట్టారంటే అసలు అవసరం వచ్చినప్పుడు కంపెనీ ఆ దాపరికాన్నే చూపిస్తుంది. పెద్దావిడ ఒక్కరికి కాస్త ఖరీదైన పాలసీ, మిగతావారికి మామూలుది తీసుకోండి. పొదుపు చేయదలచుకుంటే ఇక్కడ కాదు, ఇంకా చాలాచోట్ల చేయవచ్చు. మామూలు జ్వరానికి అంత భయపడనక్కర్లేదు. ఫ్రాన్సులో సాధారణ వైద్యుడి ఫీజు 2024 డిసెంబరు నుంచి 30 యూరోలు. రసీదు మాత్రం భద్రంగా దాచుకోండి. ప్రాణం మీదికొస్తే 15కు గాని 112కు గాని ఫోన్ చేయాలి. ఈ రెండంకెలూ పెద్దమ్మాయికి కూడా నేర్పండి.

మందులు ఇక్కడినుంచే పట్టుకెళ్ళండి. ఉండే రోజులకు సరిపడా, పైన ఇంకో వారానికి. సగం మీ చేతిసంచిలో, సగం మీవారి చేతిసంచిలో. ఇన్సులిన్ ఎట్టి పరిస్థితిలోనూ పెద్దపెట్టెలో పెట్టకూడదు. విమానం అడుగున చలికి గడ్డకట్టవచ్చు, పెట్టె తప్పిపోతే అసలుకే మోసం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది గాని పనిచేయదు. మీ డాక్టరు చేత మందుల చీటీ ఇంగ్లీషులో, కంపెనీ పేర్లు కాకుండా అసలు మందు పేర్లతో రాయించుకోండి. మన కంపెనీ పేరు చెబితే అక్కడి మందుల షాపువారికి అర్థం కాదు, మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ అంటే అర్థమవుతుంది. ఆ చీటీని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి మరిదికీ పంపండి. మందుల షాపు గుర్తు ఆకుపచ్చ శిలువ. జ్వరం మాత్ర పారాసిటమాల్ సైతం 2020 నుంచి అక్కడ అరల్లోంచి మనం తీసుకునే వీల్లేదు, బల్ల వెనకనున్న ఫార్మసిస్టును అడిగి తీసుకోవాలి. యాంటీబయోటిక్స్ చీటీ లేనిదే ఇవ్వరు. ఇక్కడిలా "రెండు రోజులకివ్వండి" అంటే కుదరదు సుమా!

ఇంకో చిన్న సంగతి. ఫ్రాన్సులో షుగరును లీటరుకు గ్రాముల్లో చెబుతారు. అక్కడి డాక్టరు 1.80 అంటే మన లెక్కలో 180. 0.60 అంటే 60, అంటే బాగా పడిపోయిందన్నమాట. ఈ తేడా తెలియక ఒకటిన్నరేగా అని నవ్వుకుంటూ ఊరుకోవద్దు.

విమానంలో ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలని చాలామంది అడుగుతారు. వేసవిలో పారిస్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. అందుకని వెళ్ళే రోజు అంత సాగుతుంది, మధ్యలో ఒక భోజనం అదనంగా తగులుతుంది. ఏ వేళకు ఎంత వేసుకోవాలో మీ డాక్టరు చేతనే కాగితం మీద రాయించుకోండి. నేను చెప్పేది ఒక్కటే. పళ్ళెం ఎదురుగా వచ్చేదాకా సూది గుచ్చుకోకండి. భోజనం బండి రెండు వరుసల అవతల ఉందని సూది వేసుకున్నాక విమానం కుదుపులకు బండిని వెనక్కి తీసుకుపోతే ఏంగతి? చవక టిక్కెట్లలో మధ్యదారిలో అర్ధరాత్రి ఐదారు గంటలు కూర్చోబెట్టేవి ఉంటాయి. ఆ వేళకు మీరు కట్టిన పులిహోరో చపాతీలో సంచిలో ఉండాలి. పెద్దావిడకు చక్రాల కుర్చీ కావాలని విమాన కంపెనీకి రెండు రోజుల ముందే చెప్పండి, దానికి ఖర్చు లేదు, నామోషీ అంతకన్నా లేదు. సీట్లో కూర్చున్నంతసేపూ మడమలు ఎత్తి దించుతూ, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయించండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. నాలుగేళ్ళ వాడు నిద్రపోతాడని జలుబు సిరప్ పట్టించే అలవాటు కొందరికి ఉంది, అది ప్రమాదం. విమానం దిగుతున్నప్పుడు చెవి నొప్పి రాకుండా ఏదైనా చప్పరించడానికి ఇస్తే చాలు.

తినుబండారాల పెట్టె సర్దేముందు ఒకమాట. ఐరోపా సమాజపు దేశాల్లోకి బయటినుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావడం నిషేధం. నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి విమానాశ్రయంలోనే చెత్తబుట్టలోకి పోతాయి. పసిపిల్లల పాలపొడి మాత్రం సీలు తీయని డబ్బా రెండు కిలోల లోపు ఉండవచ్చు. కందిపొడి, చింతపండు, బియ్యపు రవ్వ పట్టుకెళ్ళండి. మిగతావి అక్కడే ఉత్తరపు రైల్వేస్టేషను గార్ దు నోర్ దాటితే లాషాపెల్ దగ్గర శ్రీలంక తమిళుల దుకాణాల్లో దొరుకుతాయి, కరివేపాకుతో సహా. ఇంట్లో వండుకుంటే డబ్బూ మిగులుతుంది, ఆవిడ షుగరూ అదుపులో ఉంటుంది. రొట్టె తింటే షుగరు పెరగదని మనవాళ్ళకొక నమ్మకం. అది గోధుమ చపాతీ గురించి కూడా పూర్తిగా నిజం కాదు. ఇక ఆ పొడుగాటి బాగెత్ రొట్టె మైదాతో చేసేదే, అన్నంలాగే షుగరు పెంచుతుంది. రెండు ముక్కలు, పక్కన గుడ్డో కూరో. చాలు.

ఎండల విషయంలో మనం పొరబడతాం. ఐరోపా అంటే చల్లగా ఉంటుందని స్వెట్టర్లు సర్దుతాం. 2003 ఆగస్టులో వడగాడ్పులకు ఫ్రాన్సులో సుమారు పదిహేను వేల మంది చనిపోయారు, ఎక్కువమంది వృద్ధులే. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. మన రెంటచింతల ఎండే అనుకోండి. పైగా ఇళ్ళలో చాలావాటికి ఏ.సి. ఉండదు, ఫ్యాను సైతం ఉండదు. పైకప్పులు జింకు రేకులు, పై అంతస్తులు పెనంలా కాగుతాయి. పగలు కిటికీ తలుపులు మూసి ఉంచి, రాత్రి చల్లబడ్డాక తెరవాలి. బి.పి.కి నీరు లాగేసే మాత్ర వాడుతున్నవారు అలాంటి ఎండలో తల తిరిగి పడిపోవచ్చు, మోతాదు సంగతి బయలుదేరేముందే డాక్టరును అడగండి.

ఇక్కడే ఆడవాళ్ళు చేసే తప్పొకటుంది. బయట మరుగుదొడ్డి దొరకదేమోనని పొద్దున్నించీ నీళ్ళు తాగడం మానేస్తారు. మూడో రోజుకు మూత్రంలో మంట, చలిజ్వరం. షుగరున్నవారికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. పారిస్ వీధుల్లో బూడిదరంగు మరుగుదొడ్డి గదులు వందల సంఖ్యలో ఉన్నాయి, 2006 నుంచి ఉచితం. ఒకరు బయటికి వచ్చాక తలుపు మూసుకుని లోపలంతా తనే కడుక్కుంటుంది, అది అయ్యేదాకా ఆగి వెళ్ళాలి. శుభ్రానికి కాగితమే ఉంటుంది కనుక సంచిలో ఒక చిన్న ఖాళీ సీసా ఉంచుకోండి. తాగడానికి కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు, సీసా నీళ్ళు కొనడం దండగ. రిచర్డ్ వాలెస్ అనే ఆంగ్లేయుడు 1872 నుంచి కట్టించి ఇచ్చిన ముదురాకుపచ్చ నీటి ఫౌంటెన్లు నేటికీ పనిచేస్తున్నాయి. హోటల్లో కూర్చుంటే "యున్ కరాఫ్ దో" అనండి, కుళాయి నీళ్ళ కూజా ఉచితంగా తెచ్చిపెడతారు.

తిరిగే పద్ధతి కూడా ఆరోగ్యానికి సంబంధించిందే. నాలుగు అంతస్తులు దిగితే మళ్ళీ ఎక్కాలి కదా! అందుకని పెద్దావిడతో రోజుకు ఒక్కసారే దిగడం, ఒక్కసారే ఎక్కడం. ఉదయం తిని, మధ్యాహ్నం భోజనం కట్టుకుని బయలుదేరండి. పారిస్ మెట్రో 1900లో మొదలైంది, పాత స్టేషన్లలో మెట్లే మెట్లు. బస్సు ఎక్కితే మెట్లూ ఉండవు, ఊరూ కనిపిస్తుంది. ఎండ ముదిరే వేళకు చర్చిల్లోనో మ్యూజియంలోనో ఉండాలి. 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచిన నోత్రదామ్‌లో ప్రవేశం ఉచితం. లూవ్ర్ మ్యూజియంలో పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు, మంగళవారం సెలవు. మోంమార్త్ర్ గుట్టకు 222 మెట్లున్నాయి, పక్కనే తాడుబండి ఉంది. రోజు విడిచి రోజు ఆవిడను ఇంట్లో చిన్నకొడుకు దగ్గర వదిలి మీరు తిరిగిరండి. ఆవిడ చూడాలన్నది ఆ ఇంటినే కదా. జులైలో తొమ్మిదిన్నర దాటినా పొద్దుగూకదు. వెలుతురుందని పిల్లలను తిప్పుతూ, ఆవిడ రాత్రి ఇన్సులిన్, భోజనం పదిన్నరకు జరపకండి. నడక ఎక్కువైన రోజు షుగరు పడిపోవచ్చు. చేతులు వణికి చెమట పడితే వెంటనే పెట్టడానికి ఆవిడ రొంటినే నాలుగు చక్కెర బిళ్ళలుండాలి. పడుకునేముందు పెద్దమ్మాయి చేత నాయనమ్మ పాదాలు, వేళ్ళ సందులతో సహా, టార్చి వేసి చూపించండి. పిల్లలు ఈ పని ఎంతో శ్రద్ధగా చేస్తారు.

మొన్న తణుకు నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఆనె కింద పుండు లేదట, డాక్టరుగారు శుభ్రంగా తీసి కట్టు కట్టారట. బ్లేడు కోడలు దాచేసింది. అత్తగారు చీర మీద తెల్లబూట్లు వేసుకుని రోజూ సాయంత్రం ఎదురింటి అపార్టుమెంటు మెట్లెక్కుతూంటే వాచ్‌మన్ నవ్వుతున్నాడట. మూడో అంతస్తు దగ్గర ఒకసారి ఆగి, గోడకానుకుని, మళ్ళీ ఎక్కుతున్నారట. ఆగమనే నేను రాసింది.